అమ్మ కోలాటం, నా పరుగు

కంభంలో మా టైలరు దగ్గరికి ఒకే సంచిలో రెండు రకాల పని పట్టుకెళ్లాను. అమ్మ జాకెట్లు నాలుగు, బిగువు చేయాలి. నా ప్యాంట్లు రెండు, వదులు చేయాలి. టైలరు రెండు కుప్పల్నీ చూసి, నా నడుము చూసి, "ఏంది తమ్ముడూ, మీ అమ్మ కూడు గూడా నువ్వే తింటాండావా?" అన్నాడు.

నవ్వాను. ఊళ్లో అందరి మీదా జోకులేసేవాడు తన వంతు వచ్చినప్పుడు నవ్వకపోతే బాగుండదు.

నిజానికి అప్పుడు నవ్వే పరిస్థితిలో లేను. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో పదహారు వందల మీటర్ల పరుగు నా ముందుంది. నాలుగు రౌండ్లు. అంతకుముందు ఒకసారి మూడో రౌండులోనే ఆయాసంతో కూలబడ్డాను. వయసు పరిమితి ప్రకారం ఇదే ఆఖరి అవకాశం. ఇదీ పోతే బేస్తవారిపేటలో నేను పనిచేసే జెరాక్స్ దుకాణంలోనే జీవితాంతం పక్కవాళ్ల హాల్‌టికెట్లు ప్రింటు తీయాలి.

అందుకే జిమ్‌లో చేరాను. రోజూ ఉడికించిన గుడ్లు తిన్నాను, బరువులెత్తాను, అద్దం ముందు ఊపిరి బిగబట్టి ఫొటోలు దిగాను. ఆరు నెలల్లో నాకు పెరిగినవి రెండు. ఒకటి పొట్ట, రెండోది అది తగ్గుతుందన్న నమ్మకం.

అమ్మకు షుగరు. మోకాళ్ల నొప్పులతో మిరప కోతలకు పోవడం మానేసి ఇంట్లో కూర్చున్నాక వచ్చింది. నడవమని డాక్టరు చెబితే, "నేను యాడికి పోవాలని నడవాల సార్?" అని అడిగి వచ్చింది. ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చిలో ఆడవాళ్లు కోలాటం మొదలుపెట్టారు. అమ్మ మొదట గచ్చు మీద కూర్చుని చూసింది. రెండో రోజు లేచి నిలబడింది. మూడో రోజు కర్రలు పట్టింది. క్రిస్మస్ అయిపోయింది, కోలాటం మాత్రం ఆగలేదు. "మోకాళ్లు ఏమంటాండాయి?" అని అడిగితే, "పాట వింటాండాయిరా" అంది.

డాక్టరు మాత్ర సగం చేశాడు. పక్కింటి పిన్ని, "అక్కా, పక్కపక్కన నిలబడితే నువ్వు వానికి చెల్లెల్లాగుండావే!" అంది. ఆ మాటకు అమ్మ మురిసిపోయింది. నేను మాత్రం ఆ రాత్రి రెండు చపాతీలు తగ్గించి, కోపంతో మూడు అరటిపండ్లు తిన్నాను.

అసూయ అనే మాట అప్పట్లో ఒప్పుకోలేదు గానీ, అమ్మ కోలాటం కర్రలు తీసి బీరువా పైన, వెనకవైపుగా పెట్టింది నేనే. అమ్మ ఇల్లంతా వెతుకుతుంటే నేనూ వెతికాను, పైగా మంచం కిందికి కూడా దూరాను. ఆ సాయంత్రం అమ్మ పప్పుగుత్తి, అప్పడాల కర్ర పట్టుకుని చర్చికి పోయింది. పప్పుగుత్తితో ఇంకా బాగా ఆడిందని అందరూ చెప్పుకున్నారు.

ఒకరోజు తెల్లవారుజామున నా పరుగు చూస్తానని హైస్కూలు గ్రౌండుకి వచ్చింది. మూడో రౌండులో ఎప్పటిలాగే కూలబడ్డాను.

"ఏందిరా, నోరు మూసుకుని పరిగెత్తతాండావు?"

"పరిగెత్తేటప్పుడు ప్రసంగం చెయ్యాల్నా?"

"పాడాల. నేను గంటసేపు ఎగురుతానే పాడతా. పాడాలంటే ఊపిరి మిగుల్చుకోవాల గదా. నువ్వు మొదటి రౌండులోనే అంతా ఖర్చు పెట్టేస్తాండావు."

కొంగు నడుముకు చెక్కి, కోలాటం పాట పాడుతూ ఒక రౌండు పరిగెత్తి చూపించింది. నేను వెనకే పోయాను. చివర నా కోసం ఆగింది కూడా. ఆగకుండా ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

గత్యంతరం లేక కోలాటంలో చేరాను. ఇరవైమంది ఆడవాళ్ల మధ్య నేనొక్కడినే మగవాణ్ణి. నాకు జోడీగా డెబ్బై ఏళ్ల అవ్వను ఇచ్చారు. "మనవడా, కర్ర కర్రకు తగలాల, నా వేళ్లకు గాదు" అని ఆమె రోజూ గుర్తుచేసేది. పల్లవి అయిపోగానే గిర్రున ఒక చుట్టు తిరగాలి. మొదటి నెలంతా అందరూ ఇటు తిరిగితే నేను అటు తిరిగాను. రెండు నెలలకు ఆ చుట్టు ఒంటికి పట్టేసింది.

అది ఎంతగా పట్టిందో ఒంగోలులో పరుగు రోజు తెలిసింది. లోలోపల పాడుకుంటూ రెండు రౌండ్లు పూర్తిచేశాను. మూడో రౌండులోనూ ఆయాసం రాలేదు. ఆ సంతోషంలో పల్లవి అయిపోగానే, ట్రాకు మధ్యలో గిర్రున తిరిగాను.

"ఏయ్, ముందుకు చూడు!" అని ఒక పోలీసాయన అరిచాడు.

కానీ ఆ అర క్షణంలో నేను చూడాల్సింది చూసేశాను. నా వెనక మనుషులున్నారు. పరుగులో నా వెనక కూడా మనుషులుంటారని అంతవరకూ నాకు తెలియదు. ఆ ఆశ్చర్యంలోనే నాలుగో రౌండు అయిపోయింది. కొన్ని సెకన్ల తేడాతో గట్టెక్కాను.

ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకోవాలి గదా. నేను గొంతు సవరించుకునే లోపు ఆడవాళ్ల వైపు నుంచి అమ్మ లేచింది. నేను కూర్చున్నాను.

అమ్మ అన్నీ చెప్పింది. షుగరు, మోకాళ్లు, గ్రౌండు. "నా కొడుకు కర్రలు బీరువా మింద దాసిపెట్టినాడు. మరుసనాడే కనబడినాయి. ఆ రోజు కుర్చీ లేకుండా మునికాళ్ల మింద లేసి అందుకున్నా. మోకాళ్లు బాగయినాయని అప్పుడే నమ్మకం కుదిరింది. దేవునికి స్తోత్రం!"

చర్చి అంతా చప్పట్లు. అవ్వ వెనక్కి తిరిగి నన్ను వెతుక్కుని మరీ నవ్వింది.

బయటికొచ్చేసరికి ముగ్గురు తల్లులు అమ్మను చుట్టుముట్టి, మా పిల్లోళ్లకూ పరుగు నేర్పమని అడుగుతున్నారు. పరిగెత్తింది నేనని గుర్తుచేద్దామని దగ్గరికి వెళ్లాను. వాళ్లలో ఒకామె నన్ను చూసి జరిగి చోటిచ్చింది.

"వచ్చినావా నాయనా. ఈ కర్రల సంచి పట్టుకో, అమ్మతో మాట్లాడాల."