పరుపుల ముబారక్ బేస్ గిటారు

నోట్లో నాలుక లేని మనిషి అంటారే, పుంగనూరులో పరుపులు కుట్టే ముబారక్ అచ్చంగా అదే రకం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన దగ్గర కూర్చున్నా నాలుగు మాటలు రాలితే గొప్ప. చెప్పాల్సిందంతా కుడిచేతి రెండు వేళ్ళలో దాచుకున్నాడు.

మా బ్యాండులో బేస్ గిటారు ఆయనదే. నేను హేమలతను, పాటలు పాడతాను. మామూలు రోజుల్లో చౌడేపల్లెలో బడిపిల్లలకు లెక్కలు చెబుతాను. లీడ్ గిటారు మధుసూదన్‌ది, మదనపల్లెలో కంప్యూటర్ లెక్చరర్. డ్రమ్స్ పల్లవి అనే అమ్మాయివి. ప్రాక్టీసు ముబారక్ కొట్లోనే. గోడల పొడుగునా దూది మూటలుంటాయి కాబట్టి మేమెంత గోల చేసినా పక్కింటికి సగమే చేరుతుంది. ఆ సగానికే పక్కింటి రెడ్డెమ్మ దఢాల్న కిటికీ మూసేస్తుంది, అది వేరే సంగతి.

బేస్ అంటే నాలుగు లావుపాటి తీగలు. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆపితే పాట కూలబడుతుంది. ముబారక్ దాన్ని చూపుడువేలు, మధ్యవేలు మార్చి మార్చి మీటుతాడు. పరుపులో దూది సమంగా పరుచుకుందో లేదో తడిమి చూసే వేళ్ళవి. వాటి కింద ఆ ధ్వని గుండ్రంగా, మెత్తగా వస్తుంది. దాన్ని ఆనుకుని పాడటం, ముఖ్యంగా మా జోలపాట, నాకు హాయి.

మధుసూదన్‌కు అదే గిట్టదు. రాక్ సంగీతం అన్నాక చెవిని గీరాలంటాడు. పిక్‌తో, అంటే తీగను మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ళతో వాయించమని ఏడాదిగా ఒకటే పోరు.

“జనాన్ని నిద్ర పుచ్చేదానికి ఇదేమన్నా పరుపా అప్పా? పిక్ పట్టుకో!”

“సరే సార్,” అంటాడు ముబారక్.

పట్టుకుంటాడు కూడా. అది చెయ్యి జారి డ్రమ్స్ మీద పడుతుంది. ఇంట్లో సాధన చెయ్యమంటే బుద్ధిగా చొక్కా జేబులో వేసుకుంటాడు. దూది నింపడానికి వంగుతాడు. బిళ్ళ అందులోకి జారుతుంది, పైన కుట్టు పడిపోతుంది. ఒకసారి సదుం నుంచి కొత్త పెళ్ళికొడుకొకడు పరుపును ఆటోలో వేసుకుని మళ్ళీ తెచ్చాడు, “వీపులో ఏందో గుచ్చుకుంటాండాది” అని. ముబారక్ భార్య సఫియా కుట్టు విప్పి చూస్తే, ఎర్ర పిక్. ఆమె దాన్ని తీసుకొచ్చి మధుసూదన్ చేతిలో పెట్టింది.

“ఇంగ ఇవి తేవద్దు సార్. గిరాకీలు పోతాండాయి.”

నేనూ పల్లవీ దూది మూటల మీద పడి నవ్వాం. మధుసూదన్ నవ్వలేదు. కుప్పంలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి మమ్మల్ని పిలిచారు, మా మొదటి పెద్ద స్టేజీ.

“సూడప్పా, కుప్పంలో పిక్‌తో వాయిస్తే నువ్వు. లేదంటే బెంగుళూరులో బేస్ వాయించే కుప్పుస్వామి. ఇంగ ఎప్పటికీ ఆయనే,” అని తేల్చేశాడు.

నాకు ఒళ్ళు మండింది. చోటిచ్చి, టీలు తాగించి, బ్యాండును నిలబెట్టిన మనిషితో మాట్లాడే పద్ధతేనా ఇది? మొహం మీదే అడిగేశాను. ముబారక్ మాత్రం తల ఊపాడు. మిగతావాళ్ళు వెళ్ళాక నాతో మెల్లగా, “బ్యాండు లేకపోతే నాకు మిగిలేది సూదీ దూదే హేమక్కా,” అన్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కుప్పానికి కుప్పుస్వామి కూడా వచ్చాడు, గిటారుతో సహా. మధుసూదన్ ముందుజాగ్రత్త. స్టేజీ వెనక మేం నిలబడి ఉండగా ముబారక్ గిటారు పట్టీ పుటుక్కున తెగింది. ఇంకొకరైతే తాడు కోసం పరుగెత్తేవారు. ఆయన సంచిలోంచి దబ్బనం, దారం తీశాడు. సూదిని నెట్టడానికి కుట్టుపనివాళ్ళు మధ్యవేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగు ఉంటుందే, అది పెట్టుకుని చకచకా కుట్టేశాడు. అంతలో మైకులో మా పేరు పిలిచారు. గిటారు తగిలించుకుని ఎక్కేశాడు. తొడుగు వేలికే ఉంది. పొద్దస్తమానం ఉండేదే కాబట్టి ఉన్నట్టే తోచలేదు.

మొదటి పాట మదనపల్లె టమాటా మార్కెట్ మీద మేం కట్టుకున్నది. పల్లవి డ్రమ్స్ అందుకుంది. ముబారక్ పిక్ కోసం జేబు తడిమాడు, అందలేదు. పాట ఆగదు కదా, వేళ్ళతోనే మొదలుపెట్టాడు. చూపుడువేలు ‘దుమ్’ అంది. మధ్యవేలి ఇత్తడి తగిలి తీగ ‘టక్’ మంది. దుమ్ టక్, దుమ్ టక్. టమాటా ట్రేలు లారీలోకి ఎక్కిస్తున్న చప్పుడే! కింద పిల్లలు లేచి నిలబడ్డారు. నేను ఆ సంబరంలో ఒకే చరణం రెండుసార్లు పాడేశాను.

సగం పాటలో ముబారక్ తన చెయ్యి చూసుకున్నాడు. పిక్ లేదు, పైగా ఇదొకటా అనుకున్నాడేమో, పళ్ళతో తొడుగు పీకబోయాడు. మధుసూదన్ ఎదురుగా మైకున్న సంగతి కూడా మరిచి అరిచాడు.

“తీయొద్దప్పా! నీకు దండం పెడ్తా, తీయొద్దు!”

కాలేజీ అంతా వినబడింది. అదీ పాటే అనుకుని పిల్లలందరూ “తీయొద్దప్పా, తీయొద్దప్పా” అని అందుకున్నారు.

దిగగానే కుప్పుస్వామి ముబారక్ వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “నాకు ఈడ పని లేదప్పా, రైలుకు టైమైతాండాది,” అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. మంచివాడు.

తిరుగు దారిలో, వ్యాన్‌లో మధుసూదన్ నోరు ఆగలేదు. “ఇంగ అన్ని పాటలకూ ఇదే. వచ్చే నెల గంగవరంలో కూడా. ఇంగో వేలికి కూడా ఒకటి పెట్టుకో.”

ముబారక్ తొడుగు తీసి సూదుల డబ్బాలో వేశాడు.

“టమాటా పాటకు ఇది ఉండనీ సార్. హేమక్క జోలపాటకు ఇత్తడీ గిత్తడీ వద్దు, వేళ్ళే. పిక్ ఇంగ నాకియ్యొద్దు. ఏ పాటకు ఏది అనేది నేను సూసుకుంటా.”

పల్లవి నా చెయ్యి గిల్లింది. డ్రైవరు కూడా అద్దంలోంచి వెనక్కి చూశాడు. మధుసూదన్ ముబారక్ చేతుల వైపు చూశాడు.

“నీ ఇష్టం అన్నా,” అన్నాడు. “వేళ్ళు నీవి.”