తెల్లగా కడిగిన ముఖం

మా మనవడు ఈ మధ్య స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కట్టుకుని లోపల ఫిల్ములు కడుగుతున్నాడు. తలుపు తీశాడంటే చాలు, ముక్కుపుటాలను గీరే ఆ హైపో మందు వాసన వంటింటిదాకా వచ్చి, చేతిలో గ్లాసు ఉన్నా సరే, కాఫీ వాసన తెలియనివ్వదు. నిన్న వాడు వచ్చి, హైస్పీడు ఫిల్ముకు ఏ డెవలపర్ మందు మంచిది, అందులో నీళ్ళు ఎంత కలపాలి, మీ మామ స్టూడియోలో ఎలా చేసేవాళ్ళవ్వా అని అడిగాడు. పిల్లవాడు సరదాకే అడిగాడు, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మా అమ్మ ముఖం నాకు లేకుండా పోయింది సరిగ్గా ఆ రెండు విషయాల దగ్గరే.

నా చిన్నతనం, రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి రెండు వీధుల అవతల మా మేనమామకు ఫోటో స్టూడియో ఉండేది. కప్పులో సగం గాజుపలకలు, వెనక తోట బొమ్మ వేసిన తెర, కొండ మీద తలనీలాలిచ్చి గంధం పూసుకుని దిగివచ్చే కొత్త గుండ్లు, పట్టుబట్టల కర్పూరం వాసన, ఎండ బాగా ఎక్కేదాకా బల్ల మీద కూర్చుని మరమరాలు తింటూ కాచుకునే యాత్రికుల పిల్లలు, వాళ్ళతో అచ్చనగాయలు ఆడుతూ నేను. బొమ్మ పట్టే అప్పటి మామూలు గాజు ప్లేట్లకు ఎండ కావాలి, మనిషి రెప్ప వేయకుండా బిగుసుకుని కూర్చోవాలి, అందుకే ఆ కాలపు ఫోటోల్లో అందరూ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటారు.

మా అమ్మ నలుపు. మామూలు చామనఛాయ కాదు, నిగనిగలాడే నలుపు. గంగజాతర రోజుల్లో తెల్లవారకముందే లేచి అంబలి కాచి, వేపమండలు గుమ్మానికి కట్టి, సంగటి కెలికి, కాల్చిన వేరుశనగలతో రోట్లో ఊరిబిండి నూరేటప్పుడు చెమట పట్టిన ఆమె మెడ మెరుస్తుండేదని నాకు గుర్తు. మా అవ్వకు, అంటే నాయన తల్లికి, ఆ నలుపు కంట్లో నలుసు. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారే, నన్ను అమ్మ ఎత్తుకున్నప్పుడల్లా ఆ మాట మా ఇంట్లో వినబడేది. శనగపిండి, పసుపు, మీగడ, ఏవేవో అమ్మ ఒంటికి రుద్దించేవాళ్ళు. నాయన ఒక్కనాడూ వద్దనలేదు. వద్దనకపోవడమేమిటి, ఆయనకూ అదే కావాలి.

తర్వాత అమ్మకు దగ్గు పట్టుకుంది, గుడ్డలో నెత్తురు పడింది. మదనపల్లె దగ్గర క్షయ ఆసుపత్రికి తీసుకుపోవాలని డాక్టరు చెప్పాడు. పోయేముందు ఒక ఫోటో తీయమని అమ్మే తన అన్నను అడిగింది. స్టూడియోదాకా నడిచే ఓపిక లేదు, ఎండలో కూర్చునే ఓపికా లేదు. మామ దగ్గర మిలిటరీ మనిషి ఒకాయన ఇచ్చిపోయిన హైస్పీడు ఫిల్ము చుట్ట ఒక్కటే ఉండేది, నీడలో కూడా బొమ్మ పట్టే రకం, బంగారంలా దాచుకున్నాడు. దాన్నంతా ఆ మధ్యాహ్నం వంటింటి కిటికీ పక్కన మా అమ్మ మీదే వాడాడు, ఒంటరిగా, నా చిన్న తమ్ముడితో, నన్ను ముందు నిలబెట్టుకుని. "నేనెట్లుండానో అట్లే రానీ అన్నా, రేపు నా బిడ్డలు నన్ను గుర్తుపట్టల్ల గదా" అంది అమ్మ.

మర్నాడు అమ్మ బండెక్కి వెళ్ళిపోయింది. ఆమెను ఆసుపత్రిలో దిగబెట్టి వచ్చిన నాయన, నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకు వెళ్ళాడు. మామ మెటోల్ అనే పొడి ఒక్కటే వేసిన మెత్తటి డెవలపర్ మందును, రెండింతలు నీళ్ళు పోసి, మట్టికుండలో చల్లబెట్టి ఉంచాడు. పల్చటి మందు వెలుగు పడినచోట త్వరగా నీరసించిపోతుంది, నీడపడ్డ చోట నిదానంగా పనిచేసుకుపోతుంది, సన్నసెగ మీద పాలు కాగినట్టు అని నాకు ఎన్నిసార్లు చెప్పాడో. నాయన కుండలో చూసి, ఇది నీళ్ళలా ఉంది, దీంతో తెల్లగా వస్తుందా అని అడిగాడు. ఉన్న రంగే వస్తుంది అన్నాడు మామ.

"నల్లమొగం యాడన్నా గోడకు తగిలిస్తారా అప్పా? సిక్కటి మందులో ఎయ్యి."

"కిటికీ ఎలుగంతా మొగం మీదే పడిండాది బావా. సిక్కటిదాంట్లో మాడిపోతాది. పోనీ కొసన ముక్క కత్తిరించి కడిగి సూస్తా."

"సెప్పింది సెయ్."

చెల్లెలినిచ్చిన ఇంటివాడు, ఎదురు చెప్పకూడదు. ఆ మర్యాద మీద నాకు ఇప్పటికీ మంటే. గుర్రాన్ని గాడిదను, గాడిదను గుర్రాన్ని చేసే నాయనను తిట్టుకున్నంతగా, తెలిసి తెలిసి తలవంచిన మామనూ తిట్టుకుంటాను. హైడ్రోక్వినోన్ అనే ఘాటు రసాయనం దండిగా ఉన్న చిక్కటి మందు, అదీ చుక్క నీళ్ళు కలపకుండా, తిరుపతి ఎండాకాలపు వేడిలో, చుట్ట మొత్తం ఒకేసారి. ఎర్రదీపం కింద ముక్కాలిపీట మీద కూర్చుని నేను చూస్తూనే ఉన్నాను. ఫిల్ములో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తిరగబడుతుంది కదా, అమ్మ ముఖం బొగ్గులా కమ్ముకుపోయింది. కాగితం మీద అచ్చువేస్తే సున్నం కొట్టిన కుండ, కళ్ళు లేవు, ముక్కు లేదు, బొట్టు ఒక్కటి మసగ్గా. కాగితానికి ఎక్కువసేపు వెలుగిచ్చి చూశాడు మామ, బూడిద రంగే వచ్చింది. కిటికీ వెలుగు తగలని కింది భాగంలో మాత్రం, నా భుజాల మీద వేసిన అమ్మ చేతులు, నల్లగా, నరాలతో, గాజులతో, ఉన్నవి ఉన్నట్టు నిలిచాయి.

అమ్మ ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. మళ్ళీ తీయడానికి మనిషీ లేదు, ఫిల్మూ లేదు. అప్పుడు నాయన చేసిన పని తలచుకుంటే ఈ వయసులోనూ పళ్ళు కొరుక్కుంటాను. శ్రీకాళహస్తి నుంచి బొమ్మలు వేసే ఒకాయనను పిలిపించి, ఆ తెల్లటి ముఖంలో పెద్ద కళ్ళు, కోటేరు ముక్కు, చిన్న నోరు గీయించాడు. మెడ కిందిదాకా ఉంచి మిగతాది కత్తిరించి పటం కట్టించాడు. చేతులు చెత్తలోకి పోయాయి. ఆ ఫిల్ములన్నీ దండగని మామ చేతనే పారేయించాడు. చూడడానికి వచ్చిన బంధువులు, ఎంత కళగా ఉండాదో అన్నారు. ఏడాదికొకసారి ఎవరో తెల్లటి ఆడమనిషికి పూలదండ వేసి మేమందరం దండం పెట్టాం.

మామ స్టూడియో స్థలంలో ఇప్పుడు లాడ్జి ఉంది. గాజుకప్పు పోయింది, తోట తెర పోయింది, నాయనా మామా కూడా పోయారు, నా కోపమే పోలేదు. మనవడికి చెప్పాల్సింది చెప్పాను, మెత్తటి మందు తీసుకో, నీళ్ళు ఎక్కువ కలుపు, చల్లగా ఉంచు, ముందు ఒక ముక్క కడిగి చూడు, పక్కన ఎవరు నిలబడి ఏం చెప్పినా వినకు అని. కళ్ళు మూసుకుని అమ్మను తలచుకుంటే ఆ కాళహస్తి ఆయన గీసిన ముఖమే అడ్డం వస్తుంది, దాని వెనక ఉన్నది రాదు. మా అమ్మ నల్లగా ఉండేది. ఆమె గురించి నాకు కచ్చితంగా తెలిసింది అదొక్కటే.