కుట్టని జానెడు

నంద్యాల బజారులో మంచి పనివాణ్ణి నాకన్నా తెలివిగా పోగొట్టుకున్నవాడు ఉంటే చూపించండి. ఒక్క మాటతో అంగడి పేరు దించాను.

మాది పరుపుల అంగడి. నేను మాటలు నేర్చిందే బేరాల మధ్య. మా దగ్గర పరుపులు కుట్టే దూదేకుల పెద్దాయన నమాజుకు పోయిన అరగంట కూలిలో కోద్దామని చూస్తే, పొద్దున అరగంట ముందే వచ్చి కూర్చునేవాడు. పరుపు నింపి, నాలుగు పక్కలా కుట్టి, ఒక మూల జానెడు కుట్టకుండా వదిలేసేవాడు. కొన్నవాళ్లు చెయ్యి పెట్టి లోపలి దూది చూసుకున్నాకే ఆ జానెడు కుట్టేవాడు.

"ఎవరడిగినారన్నా నిన్ను?" అన్నాను ఒకసారి.

"ఎవరూ అడగరప్పా. కుట్టేసినాక లోపలేముందో నాకూ అల్లాకూ ఎరుక. కొన్నోళ్లకూ తెలిస్తే నాకు నిద్ర పడ్తాది."

ఒక లాడ్జి నుంచి పెద్ద బేరం వచ్చింది. "నడిమధ్య పాత దూది పెట్టన్నా" అన్నాను.

"పెడ్తా. పాతదని చెప్పి అమ్ముతావా?"

"చెప్తే ఎవరు కొంటారు?"

"అయితే నాతో కాదప్పా."

"పోతే పో. సూది పట్టేటోళ్లు ఊర్లో లేరా?"

సూది టోపీ అంచుకు గుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డలో ఇంకొకరి దగ్గర చేరాడని తెలిసింది. లాడ్జి పరుపులు కొత్తవాడు కుట్టాడు, నాలుగు పక్కలా గట్టిగా. తర్వాత వచ్చినవాళ్లంతా పరుపు నొక్కి చూసి "పెద్దాయన యాడప్పా?" అనేవారు. మొదటి కుట్టుకు ముందు ఆయన మెల్లగా అనే బిస్మిల్లా లేక, పొద్దున అంగడి తెరిచినట్టే ఉండేది కాదు.

ఏడాది ఓర్చి ఆళ్లగడ్డ బస్సెక్కాను. శిరివెళ్ల దాటేసరికి ఆయన జీతం నాలో నేనే రెండింతలు చేసేశాను. నాతో నేనే ఓడిన మొదటి బేరం అది.

ఆయన టీ తెప్పించాడు. జీతం మాట చెప్పాను.

"జీతానికి పోయింటే జీతానికే వస్తాంటి. లాడ్జోళ్లకు చెప్తివా?"

తిరిగొచ్చి, లాడ్జివాళ్లకు ఉన్నది చెప్పి, పరుపులన్నీ విప్పించి కొత్త దూది నింపి ఇచ్చాను. మళ్లీ ఆళ్లగడ్డ పోయి చెప్పాను. ఆయన నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"శానా సంతోషమప్పా. కానీ ఈడ మాటిచ్చినా. వీళ్లను నడిమధ్యలో ఇడ్సిపెట్టి యాడికొస్తా?"

అదే మాట ఇంకొకడు చెబితే ఇంకాస్త పెంచి చూసేవాణ్ణే.

నిజం లెక్క ఇది. పాత దూది పెట్టి మిగిల్చుకున్న కొత్త దూది మూడు మూటలు. విప్పి నింపడానికి పట్టినవి అయిదు. లాడ్జివాళ్లు మళ్లీ రాలేదు. ఆయనా రాలేదు.