వెనకనుంచి తట్టకండి

గ్రైండింగ్ మిషన్ దగ్గర ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. చేతిలోని ఇనుప ముక్క జారి, చక్రానికి తగిలి, ఎగిరి గోడకు కొట్టుకుంది. చేతికేమీ కాలేదు. నాకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఒక చిన్న ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పుతాను. ఆమె కామసముద్రం వైపు రైతుల బిడ్డ, పుట్టుకతోనే చెవుడు. దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీ వాళ్లు ఆ నెలాఖరుకు మనుషులను ఎంచుకోవడానికి వస్తున్నారు. ఆ ఎంపికకు ఆమెనూ నిలబెడతానని వాళ్ల నాన్నకు మాటిచ్చేశాను.

మధ్యాహ్నానికి క్లాసంతా నా టేబుల్ చుట్టూ చేరింది. వాళ్లలో ఒక వాగుడుకాయ ఉన్నాడు, వాడే మొదలుపెట్టాడు.

"ఆ పాప మంచిదే మేడం. చెవులు వినపడనోళ్లకు మిషన్ పనెందుకు? యాడన్నా ఆఫీసులో కూర్చోబెట్టండి. రేపు చెయ్యి పోతే ఎవురు జవాబు చెప్పేది?"

నాకు ఒళ్లు మండింది. అరుద్దామంటే అదే భయం నాకూ ఉంది. అసలు ఎందుకు ఉలిక్కిపడిందని అడిగాను. టీకి పిలుద్దామని వీడే వెనకనుంచి వెళ్లి భుజం తట్టాడట. వినబడని మనిషిని ఇంకెలా పిలవాలని నన్నే అడిగాడు. ప్రేమగానే తట్టాడు మహానుభావుడు!

మా నాన్న గనిలో డ్రిల్లు పట్టి పట్టి చెవులు పోగొట్టుకున్నాడు. ఆయనను వెనకనుంచి ముట్టుకునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. అన్నానికి పిలవాలంటే లైటు ఆర్పి వెలిగించేవాళ్లం. గని లోపల ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు, టోపీకున్న దీపం ఊపి చెప్పుకునేవాళ్లు. అది చెప్పాను. వీళ్లలో చాలామంది తాతలు అక్కడ పనిచేసినవాళ్లే, అయినా తట్టడమే తప్పని వాళ్లకు నమ్మకం కుదరలేదు.

మిషన్లన్నీ ఆపించాను. ఆ వాగుడుకాయ చెవులకు ఏమీ వినపడకుండా మఫ్‌లు బిగించి, ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దే పనిలో పెట్టాను. పనిలో మునిగాక వెనకనుంచి భుజం తట్టాను. వాడు అమ్మో అని కేకవేసి ఆకురాయి పారేశాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ వారమే ఆమెను పిలవడానికి మిషన్ ఎదురుగా క్లాసువాళ్లే ఒక బల్బు పెట్టి, స్విచ్చి తలుపు దగ్గర బిగించారు. అయినా ఆమె చక్రం తిప్పిన ప్రతిసారీ నాకు చెమటలే.

ఎంపిక రోజు ఫ్యాక్టరీ ఆఫీసరు ఆమె పని చూసి బాగుందన్నాడు. తమ దగ్గర బల్బులుండవని, ఈమె పక్కన పనికి ఎవరు నిలబడతారని క్లాసును అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. ఆమె మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తోంది. పోయింది, ఆమె ఉద్యోగం పోయింది అనుకున్నాను.

వాగుడుకాయ ముందుకొచ్చాడు. "నేను నిలబడతా సార్. నేను ఆయమ్మికి కనబడేతట్టు పెట్టండి, చాలు."

ప్రమాదం జరిగితే ఏంటని ఆఫీసరు అడిగాడు.

"ఇన్నాళ్లకు జరగబోయింది ఒగటే సార్. అది నా వల్లే."

ఇద్దరి ఉద్యోగాలూ గంగలో కలిపేశాడురా దేవుడా! ఆఫీసరు ఇద్దరి పేర్లూ రాసుకుని, సోమవారం నుంచి పనికి రమ్మన్నాడు.

ఏమైందని ఆమె కళ్లతోనే నన్ను అడిగింది. చెప్పడానికి నేను చేతులెత్తాను. అంతలో వాడే వచ్చి ఆమె ఎదుట నిలబడి, తప్పులు తప్పులుగా సైగలతో చెప్పాడు.