మొక్కు అని చెప్పుకున్న మందు

ఇన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెప్పినప్పుడు అది చాలా చిన్నది. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

కరోనా మొదటి ఏడాది మేం జర్మనీలోని కార్ల్స్‌రూహెలో ఉన్నాం. ఆయనకు ఐటీ ఉద్యోగం, నాకు ఇల్లు. ఆ వసంతంలో నాలో ఏదో ఆగిపోయింది. ఏడుపు కూడా వచ్చేది కాదు. స్నానానికి లేవాలంటే మధ్యాహ్నం అయ్యేది. మాత్రలు మార్చి మార్చి ఇచ్చారు, ఒక్కటీ పడలేదు. చివరికి డాక్టరమ్మ డిప్రెషన్‌కే వాడే ఒక పాచ్ రాసింది. ఇక్కడ మామూలుగా దొరకదట, ఫార్మసీ వాళ్ళు బయటి దేశం నుంచి తెప్పించారు. రోజూ పొద్దున పాతది పీకి, ఇంకోచోట కొత్తది అంటించుకోవాలి. అంటించిన చోటల్లా చర్మం కంది దురద పెట్టేది. మొదట్లో నిద్ర పట్టేది కాదు, మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగేవి. ఇదీ దండగే అనుకున్నాను. తర్వాత ఒకరోజు పప్పులో పోపు వేస్తూ, ఇంగువ వాసన ఎంత బాగుందో అని పైకే అన్నాను. ఆయన వంటింట్లోకి వచ్చి, ఆ మాట మళ్ళీ అనమన్నారు.

డోసు పెంచినప్పుడు డాక్టరమ్మ పథ్యం చెప్పింది. నిలవ చీజ్, సోయా సాస్, పులియబెట్టినవి కూడదు, బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చంది. ఇడ్లీ పిండి సంగతేమిటని అడిగాను. పాపం, ఆవిడకు అదేమిటో తెలియదు. తెలియనప్పుడు మానేయడమే మంచిదంది. మానేశాను. కానీ తెలుగువాళ్ళ ఇంట్లో దోశ వద్దంటే ఊరుకుంటారా? ఎందుకని అడుగుతారు. మందు వాడుతున్నానంటే ఏ మందని అడుగుతారు. ఆ తర్వాత నన్నేమంటారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఇంకొకరి గురించి ఒకప్పుడు నేనూ ఆ మాట అన్నదాన్నే. అందుకని ఇవన్నీ మానేస్తానని దేవుడికి మొక్కుకున్నానని చెప్పాను. మొక్కు అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు.

రజిత మా పక్క వీధిలో ఉండేది. పేరు మార్చాను. కరీంనగర్ అమ్మాయి, నన్ను నోరారా అక్కా అని పిలిచేది. మూడేళ్ళ కూతురు. రెండో లాక్‌డౌన్‌లో పాప వెళ్ళే కీటా, అదే చిన్నపిల్లల బడి, మూసేశారు. భర్త తలుపు వేసుకుని రోజంతా మీటింగుల్లో ఉండేవాడు. బయటివాళ్ళను ఒక్కరినే కలవచ్చని అప్పటి రూలు. నాకు ఆ ఒక్కరు రజిత. సాయంత్రాలు ట్రామ్ పట్టాల వెంబడి నడిచేవాళ్ళం. ఆమె మాట మధ్యలో ఆగిపోవడం, వారాల తరబడి అదే స్వెటర్‌లో తల దువ్వుకోకుండా రావడం, పాప పిలిస్తే ఎక్కడో దూరం నుంచి విన్నట్టు ఆలస్యంగా తిరిగి చూడటం అన్నీ గమనించాను. నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఒక సాయంత్రం అడిగింది.

"అక్కా, పోయినేడు నువ్వు గూడ గిట్లనే ఉంటివి గదా. ఇప్పుడు మంచిగైనవ్. ఆ మొక్కుతోనేనా?"

ఊ అన్నాను.

"నాకు సైకియాట్రిస్ట్ టెర్మిన్ దొరికింది. ఎన్ని నెలలకో దొరికింది అపాయింట్‌మెంట్. మా ఆయన వద్దంటుండు. ఆ మందులు మొదలువెడితే ఇడిసిపెట్టయంట. కాన్సిల్ చేసి నేను గూడ మొక్కుకోనా?"

"నీ ఇష్టం రజితా. నాకైతే దేవుడే దారి చూపించాడు."

"ఏమేం తినొద్దో చెప్పు మరి."

చెప్పాను. డాక్టరమ్మ నాకు చెప్పినవన్నీ వరసగా చెప్పాను.

"సోయా సాస్ గూడనా? మన దేవునికి సోయా సాస్ సంగతి గూడ తెల్సా అక్కా?" అని నవ్వింది.

చాలా రోజులకు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పొద్దున అంటించుకున్న పాచ్ అప్పుడు నా భుజం మీద, జాకెట్ కింద ఉంది. జాకెట్ కాస్త జరిపి చూపిస్తే సరిపోయేది. ఎందుకు చూపించలేదు? నలుగురికీ చెబుతుందని భయమా? అది కొంత. మిగతాది చెప్పుకోవడానికే అసహ్యంగా ఉంది. ఆమె నన్ను గట్టి మనిషిగా, దేవుడు మాట విన్న మనిషిగా చూస్తోంది. నన్ను ఎవరైనా అలా చూసి ఎంతో కాలమైంది. ఆ చూపును పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

టెర్మిన్ రద్దు చేసుకుంది. మొక్కు మాత్రం నిష్ఠగా పాటించింది. నా మందుకు చేయాల్సిన పథ్యమంతా, ఆ పిచ్చితల్లి, మందు లేకుండా చేసింది. నిజం ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చే వారం చెబుదాంలే అనుకుంటూ గడిపేశాను.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఒకరోజు రజిత పాపతో ట్రామ్ ఎక్కి, ఊరి చివరి స్టాపులో తనొక్కతే దిగి వెళ్ళిపోయింది. పాపను మరిచిపోయింది. సీట్లో ఏడుస్తున్న పిల్లను డ్రైవర్ చూసి పోలీసులకు ఫోన్ చేశాడు. రజిత పొలాల పక్కన మంచులో కూర్చుని కనిపించిందట. పాపకు ఏమీ కాలేదు. రజితను ఆసుపత్రిలో చేర్చారు. కరోనా వల్ల ఎవరినీ చూడనివ్వలేదు. చూడనిస్తే వెళ్ళేదాన్నా? ఏమో.

తర్వాత వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారు. రజిత ఇప్పుడు కరీంనగర్‌లో మందులు వాడుతోంది, చాలావరకు తగ్గింది. కానీ పాపను ఆమెతో ఒంటరిగా వదలరు. బడికి తీసుకెళ్ళేది అత్తగారే, పక్కలో పడుకోబెట్టుకునేదీ అత్తగారే. మొన్నామధ్య ఫోన్‌లో అంది. "తప్పు నాదే అక్కా. ఒకసారి ఎవరింట్లనో యాది మరిచి అర ముక్క దోశ తిన్న. మొక్కు చెడింది. అందుకే నా బిడ్డ నాకు దూరమైంది."

నేనేమన్నానో తెలుసా? "అలా అనుకోకు, దేవుడు క్షమిస్తాడులే" అన్నాను. అప్పుడు కూడా దేవుడి మీదికే తోశాను.

నేను ఇంకా పాచ్ వాడుతున్నాను. బాగానే ఉన్నాను, బాగున్నందుకే సిగ్గుగా ఉంది. నిజం చెబితే ఆమె గుండె మీద బరువు దిగుతుంది, నేను ఆమెకు అక్కను కాకుండా పోతాను. అన్నీ తెలిసి ఇప్పటికీ నా వైపే చూసుకుంటున్నాను.

ఆమెతో అనాల్సింది మీతో అంటున్నాను. నాకు తగ్గింది మందుతో. నేను ఏ దేవుడికీ మొక్కలేదు. రజిత తిన్న ఆ దోశ ముక్క వల్ల ఏదీ చెడలేదు. ఇన్నాళ్ళలో ఈ మాటలు బయటపెట్టడం ఇదే మొదటిసారి, కాస్త ఊపిరాడుతోంది. ఆమె మాత్రం అక్కడ ఇంకా తనదే తప్పనుకుంటోంది.