అవతలి కిటికీలో మావయ్య

రైళ్ళ ఫొటోలు తీయడంలో నన్ను మించినవాడు పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా లేడని నేను గట్టిగా నమ్మిన రోజుల్లో జరిగిన ఘోరం ఇది. ముందే చెబుతున్నాను, ఇందులో రైలు పట్టాలు తప్పలేదు, మనుషులకేమీ కాలేదు. పట్టు తప్పింది నా బుర్ర ఒక్కటే. అయినా మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఈ సంగతి నిన్న జరిగినంత వేడిగా వడ్డిస్తారు. నేను పక్కనే కూర్చుని జీడిపప్పు పకోడీలు తింటూ వింటాను.

అప్పట్లో కాశీబుగ్గలో ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేవాణ్ణి. వారమంతా నవ్వడం రాని పెళ్ళికొడుకుల్ని నవ్వించడం, ఖాళీ దొరికితే కెమెరా మెడలో వేసుకుని, ప్యాసింజర్లు తప్ప ఇంకేవీ ఆగని చిన్న స్టేషన్లకి పోవడం. పలాసలో పెద్ద బళ్ళు ఆగుతాయి. ఆగిన బండిని ఎవడైనా తీస్తాడు, దూసుకుపోయే బండిని తీసేవాడే మొనగాడు! దానికి నా దగ్గర ఒక సూత్రం ఉండేది. ఎండ మన వీపు మీద పడాలి, బండి మొహం మీద పడాలి. ఈ సూత్రం అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పేవాణ్ణి. మా అమ్మ అన్నం వడ్డిస్తుంటే కూడా, కంచం కిటికీ వైపు తిప్పు, లైటు సరిపోలేదు అనేవాణ్ణి.

మా అమ్మ తమ్ముడు రైలు డ్రైవరు. ఆయన భార్య సుందరత్త, జలంత్రకోటలో కొబ్బరితోట చూసుకుంటూ ఉంటుంది. ఆయన జీవితమంతా రైలు నడిపాడు గానీ, నడుపుతుండగా అత్త ఒక్కసారీ చూడలేదు. ఇంటివాళ్ళు కనబడితే డ్యూటీ మీద ధ్యాస చెదురుతుందని ఆయన రానిచ్చేవాడు కాదు. తీరా రిటైరయ్యే రోజు దగ్గరపడింది. ఉదయం ఎక్స్‌ప్రెస్‌తో ఒడిశా వైపు వెళ్ళి, మర్నాడు సాయంత్రం ఇంకో బండితో పలాస వచ్చి దిగితే ఉద్యోగం అయిపోయినట్టే.

"పలాసలో దండేత్తారు, అప్పుడు రా" అన్నాడు మావయ్య.

"ఆగిపోయిన బండి కాడ నిలబడితే డ్రైవరో, టీలమ్మినోడో ఎవులికి తెలుత్తాది? బండి పరిగెడతన్నప్పుడు సూడాల నాను. ఈ ఒక్క పాలికీ!" అంది అత్త. తర్వాత నా వైపు తిరిగి, "ఒరే నాన్నా, కిటికీలో మీ మావయ్య కనపడేలాగ ఒక్క ఫొటో తీసి పెట్రా. గోడకి తగిలించుకుంటాను" అంది.

"ఒక్కటేటి అత్తా, ఆల్బమే తీసి ఇత్తాను!" అన్నాను. చూశారా పొగరు!

మావయ్య ఒకే ఒక్క మాట చెప్పాడు. "టేషను ఆఫీసున్న ప్లాట్‌ఫారం మీద నిలబడండి. పసుపు గీత దాటకండి."

సోంపేటకి ఇవతల ఒక చిన్న స్టేషను. పేరు చెప్పను, అక్కడివాళ్ళు నన్ను ఇంకా మరిచిపోలేదు. ఆ ఉదయం అత్త పసుపుపచ్చ పట్టుచీర కట్టి, అరిటాకులో పులిహోర పొట్లం పట్టుకుని ఆటో దిగింది. పచ్చజెండా పట్టుకున్న రైల్వే ఆయన ఆ పట్టుచీర చూసి కంగారుపడ్డాడు. "ఏటండీ, బండిలో మంత్రిగారేటి వత్తన్నారు?"

"మంత్రి ఏటి బాబూ, మా ఆయన!" అంది అత్త.

నేనప్పుడు ఎండ చూశాను. సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తున్నాడు. మేమున్నది కొండల వైపు ప్లాట్‌ఫారం. అంటే ఎండ నా కళ్ళలో!

"అత్తా, లైటు తప్పు. అటుపక్క ప్లాట్‌ఫారానికి పోవాల."

"మీ మావయ్య ఇక్కడే ఉండమన్నాడు కదరా."

"మావయ్యకి బండి తెలుసు గానీ ఫొటో ఏటి తెలుసు?"

అత్తకి మోకాళ్ళ నొప్పులు. వంతెన మెట్లెక్కుతూ మెట్టుకొక దేవుణ్ణి తలుచుకుంది. దేవుళ్ళు అయిపోతే ఊళ్ళో పెద్దల పేర్లు మొదలెట్టింది. ఎలాగో అటు దింపి, పసుపు గీతకి ఇవతల నిలబెట్టి, కొంగు సర్ది, గడ్డం ఎత్తమన్నాను. ఇంతలో హారన్. బండి వచ్చేసింది. నేను నొక్కాను. ఆహా, ఏం ఫొటో అండీ! ఇంజను మీద రేకుల మేకులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కిటికీలో మనిషి మీద ఎండ నెయ్యి పోసినట్టు పడింది. అత్త రెండు చేతులూ ఊపి ఊపి, బండి వెళ్ళిపోయాక ఒగరుస్తూ నా దగ్గరికొచ్చి కెమెరాలోకి తొంగి చూసింది.

"ఒరే... ఈడెవుడ్రా?"

కిటికీలో నల్లటి మీసాలతో ఒక కుర్రాడు నవ్వుతున్నాడు. మావయ్య అసిస్టెంటు.

మన రైలింజన్లో డ్రైవరు ఎడమ పక్కన కూర్చుంటాడు, అసిస్టెంటు కుడి పక్కన. ఒడిశా వైపు పోయే బండికి ఎడమంటే కొండల పక్క. అది నాకు తెలియదనుకుంటున్నారా? తెలుసు! స్టూడియోకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. ఎండని చూసిన సంబరంలో అది ఒక్కటే మర్చిపోయి, మావయ్యకి అవతలి పక్క అత్తని నిలబెట్టాను.

అత్త తిట్టలేదు. బెంచీ మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "పోనీలే నాన్నా, ఇంజను రంగైనా సూసినాను" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. తిట్టినా బాగుండేది.

ఆ మధ్యాహ్నం డ్యూటీ దిగి మావయ్య ఫోన్ చేశాడు. "ఎక్కడ సచ్చినార్రా? నాను తల దువ్వుకుని, కొత్త సొక్కా ఏసుకుని, కిటికీలోంచి సెయ్యి సాపినాను. ప్లాట్‌ఫారం మీద మేక ఒకటే ఉంది. దానికే ఊపీసినాను!"

అత్త ఫోన్ లాక్కుంది. "రేపు మళ్ళీ వత్తాను. ఆ సెయ్యి అలగే ఉంచు!"

మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే స్టేషను, అదే పట్టుచీర, అరిటాకులో ఈసారి దద్దోజనం. ఎండ ఇప్పుడు కొండల వైపు నుంచి వస్తోంది. నా బుద్ధి చూడండి, మళ్ళీ నోరు తెరిచాను. "అత్తా, ఈ పక్కే ఉండిపోదాం. లైటు..."

"నీ లైటు తగలెయ్య! మీ మావయ్య ఏ పక్క కూకుంటాడో అది సెప్పు."

"ఎడమ పక్క. పలాస వైపు పోతంటే... సముద్రం పక్క."

"మరేటి సూత్తన్నావు? నడు!"

చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి ముందు తనే వంతెనెక్కింది. ఈసారి ఏ దేవుణ్ణీ పిలవలేదు. నేనే వెనక పడ్డాను. అటు వెళ్ళి, దద్దోజనం నాకు పెట్టి, మిగిలిన ఆకుని తుడిచి చేతిలో పట్టుకుంది.

"ఆకెందుకత్తా?"

"ఆ బాబు జెండా సూపిత్తాడు కదా. మరి నాను ఉత్త సేతుల్తో నిలబడాలేటి?"

హారన్ వినబడింది. జెండా ఆయన పచ్చజెండా చాచాడు. అత్త గీతకి ఇవతలే నిలబడి అరిటాకు ఎత్తింది. నా కళ్ళలో ఎండ, కన్నీళ్ళు, ఏమీ కనబడలేదు. దేవుడి మీద భారం వేసి మీట నొక్కి పట్టుకున్నాను. బండి హోరుమని పోతుంటే అత్త కేక ఒకటే వినబడింది.

"సూసినాను! మీ మావయ్యే! నవ్వినాడ్రా!"

బండి పోయాక కళ్ళు తుడుచుకుని కెమెరా చూశాను. ఫొటోలో ఎదురెండ పడి అరిటాకు ఈనెలతో సహా దీపంలా వెలిగిపోతోంది. దాని పక్కన కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, ఇంత నోరు తెరిచి నవ్వుతున్న మావయ్య! నా సూత్రం ప్రకారం తీసి ఉంటే ఆ ఆకు మామూలు ఆకే అయ్యేది. ఇద్దరం ఆ ప్లాట్‌ఫారం మీద ఎగిరి గంతేశాం. అత్త మోకాళ్ళ మాట ఆ పూటకి మర్చిపోయింది.

మొదటి ఫొటో కూడా వృథా పోలేదు లెండి. ఆ అసిస్టెంటు కుర్రాడు అడిగి తీసుకుని సంబంధాలకి పంపాడు, వెంటనే కుదిరిపోయింది. పెళ్ళి మండపం ముందు నేను తీసిన ఆ ఫొటోనే నిలువెత్తు ఫ్లెక్సీ. అతని తల్లి నన్ను పిలిచి మొదటి పంక్తిలో కూర్చోబెట్టింది.

రెండో ఫొటో అత్త హాల్లో గోడకి ఉంది. వచ్చినవాళ్ళు, "ఇదేటమ్మా, అరిటాకు ఫొటో కట్టించుకున్నావు?" అని అడుగుతారు. "ఆకు నాది. దాన్ని సూసి నవ్వుతన్నోడు మా ఆయన" అంటుంది అత్త. పక్కన మావయ్య పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు.

కాబట్టి పాఠకులారా, సకల రైళ్ళ సాక్షిగా చెబుతున్నాను. ఇక ఈ జన్మలో ఎండ ఎటుందో చూసే ముందు మనిషి ఎటున్నాడో చూస్తాను. సుందరత్త మోకాళ్ళ మీద ఒట్టు.