పోగుల బాబాయి కేకలు

పోగుల బాబాయి మనుషుల మొహాలు చూడడు. బట్ట చూస్తాడు. ఎదురుగా ఎవరైనా కనబడితే చాలు, ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే లేచి వెళ్ళి అవతలివాళ్ళ చొక్కా అంచునో కోటు చేతినో పట్టుకుని నలుపుతాయి. ఎడమచెయ్యి జేబులోంచి అగ్గిపెట్టెంత భూతద్దం తీస్తుంది. ఆ తరవాత నోరు తెరుచుకుంటుంది.

"సాదా నేత! ఒకటి పైన, ఒకటి కింద. అంగుళానికి డెబ్బై రెండు పోగులు. బాగున్నారా?"

ఆ "బాగున్నారా" ఎప్పుడూ చివరే. అది మనిషిని అడిగాడో చొక్కాని అడిగాడో తేల్చుకోలేక జనం రెంటి తరఫునా "బాగున్నాం" అనేసి వెళ్ళిపోయేవాళ్ళు.

బాబాయి ముప్పై ఏళ్ళు బట్టల మిల్లులో తనిఖీ బల్ల ముందు నిలబడ్డాడు. కింద దీపాలు పెట్టిన గాజుబల్ల మీద గజాలకొద్దీ బట్ట జారిపోతుంటే తప్పిపోయిన పోగు ఎక్కడుందో పట్టుకోవడం ఆయన ఉద్యోగం. మిల్లు ఆయన్ని రిటైర్ చేసింది గానీ ఆయన వేళ్ళను రిటైర్ చెయ్యడం మర్చిపోయింది. ఆ వేళ్ళు తీసుకుని ఆయన సరాసరి అన్నగారి టైలరింగు కొట్టుకి వచ్చి, కటింగు బల్ల పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. కొన్నాళ్ళకి అన్నగారు మోకాళ్ళ నొప్పులు భరించలేక కొట్టు తాళాలు కూతురి చేతిలో పెట్టాడు. అలా ఆ అమ్మాయికి ఆరు కుట్టుమిషన్లూ, రెండు నిలువుటద్దాలూ, ఒక బాబాయీ సంక్రమించారు.

మిషన్లతో ఏ ఇబ్బందీ లేదు.

బాబాయికి ఎవరి మొహమూ గుర్తుండదు. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉంటున్నాయన్ని "కార్డురాయ్ ఆయన" అంటాడు. ఆ పెద్దమనిషి ఎండాకాలం వచ్చి పాప్లిన్‌లోకి మారగానే "పక్కింట్లో ఎవరో కొత్తగా దిగారే" అని ఇంట్లోవాళ్ళతో చెబుతాడు.

ఒకసారి బస్సులో ఒక జేబుదొంగ బాబాయి జేబులో చెయ్యి పెట్టాడు. బాబాయి చటుక్కున పట్టుకున్నాడు. చేతిని కాదు, చేతికున్న కఫ్ఫుని.

"పాప్లిన్. మంచి బట్టేనయ్యా, కఫ్ఫు దగ్గర పోగు తెగింది చూడు. ఇలాగే వదిలేస్తే మోచేతిదాకా పోతుంది. మా కొట్టుకి రా, రఫూ చేయించి పెడతాను."

దొంగ భయపడి పర్సు అక్కడే పడేసి, కదులుతున్న బస్సులోంచి దూకేశాడు. పోలీసులు పిలిచి అడిగారు.

"మనిషెలా ఉంటాడు?"

"సాదా నేత."

"ఎత్తెంత?"

"ఎత్తు చూళ్ళేదండీ. అంగుళానికి ఎనభై పోగులు."

పోలీసాయన కలం కింద పెట్టేశాడు. ఈలోగా బాబాయి ఆయన యూనిఫారం చెయ్యి పట్టుకుని, "ఇదీ ట్విల్లంటే!" అని మురిసిపోతున్నాడు.

ఆ అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు నేత నేర్పింది కూడా ఈయనే. ఆమె ఎడమచేతి వేళ్ళు నిలువుగా పెట్టించి, "ఇవి పడుగు. మగ్గానికి ముందే బిగించి కట్టే నిలువు పోగులు" అన్నాడు. తన వేలొకటి వాటి మధ్యకి అడ్డంగా దూర్చి, "ఇది పేక. అటూ ఇటూ తిరిగే అడ్డపోగు" అన్నాడు.

"పేక ఒక పోగు మీంచి ఎక్కి, ఒక పోగు కిందికి దిగితే సాదా నేత. చొక్కాలకి, చేతిరుమాళ్ళకి. చెప్పిన మాట తప్పని మనిషిలాంటిది. రెంటి మీంచి ఎక్కి ఒకదాని కింద దిగి, వరస వరసకీ ఒక్కో అడుగు పక్కకి జరిగిందనుకో, బట్ట మీద ఏటవాలు గీత పడుతుంది. అదే ట్విల్లు. ప్యాంట్లకి, కోట్లకి. కష్టజీవి. మురికి పట్టినా బయటపడనివ్వదు."

"మరి శాటినో?"

"అదా, నాలుగు పోగులు ఒక్క గెంతులో దాటేసి ఒక్కదాని కింద తల దూరుస్తుంది. అందుకే ఆ మెరుపు. గోరు తగిలితే మాత్రం ఏడుస్తుంది. మీ పెద్దత్త లేదూ?"

మాట పెద్దత్తదాకా వెళ్ళింది. నేతపాఠం ఆ రోజుకి అక్కడితో ఆగిపోయింది.

కొట్టులో బాబాయి అసలు విశ్వరూపం కొత్త బట్ట తాను దిగినప్పుడు చూడాలి. తాను ఇలా బల్ల మీద పడగానే అలా లేచి, ఒక కొస విప్పి, వేళ్ళతో నలిపి, వీధి చివరి వాళ్ళకి కూడా వినబడేలా చాటింపు వేస్తాడు.

"ట్విల్లూ! ముఖం పైకి! గీత ఎడమ కిందనుంచి కుడి పైకీ!"

మొదట్లో గొణిగేవాడు. రెండేళ్ళుగా గొంతు బాగా పెరిగింది. చెవులు మందగించాయేమో అనుకుంది ఆమె. బల్ల దగ్గర కత్తెర పట్టుకుని నిలబడే కటింగు మాస్టారికి మాత్రం ఒళ్ళు మండేది. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల ఆయనది. రోజుకి నాలుగు మాటలు మాట్లాడే మనిషి. అందులో మూడు బాబాయి మీదే ఖర్చయ్యేవి.

"నాకేం చెవుడా?"

"ఎవరన్నారయ్యా నీకు చెవుడని? నీకు చెవుడైతే నా గొంతు దండగ కాదూ! ముఖం పైకీ!"

ఇదంతా సహించి ఊరుకుందును, అని ఆ అమ్మాయి తరవాత అందరికీ చెప్పుకుంది, లాయరమ్మ సంగతి జరగకపోయుంటే. లాయరమ్మ ఆ ఊళ్ళో పేరున్న మనిషి. శాటిన్ గౌను కొలతలివ్వడానికి కొట్టుకి రావడం అదే మొదటిసారి. ఆవిడ తెచ్చిన శాటిన్ బల్ల మీద పరిచీ పరచగానే బాబాయి అందుకున్నాడు.

"శాటిన్! మెరుపు పైకి, మందం కిందికి! ఉంగరం తీసి ముట్టుకోండమ్మా! కుర్చీలో జరుగుతూ కూర్చునే అలవాటుందా మీకు? వెనకవైపు పోగులు లేస్తాయి!"

లాయరమ్మ ఉంగరం తియ్యలేదు. శాటిన్ మడత పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ అమ్మాయి స్వతహాగా మెతక. గట్టిగా మాట్లాడాలంటే ముందు మంచినీళ్ళు తాగాలి. ఆ రోజు రెండు గ్లాసులు తాగింది.

"బాబాయ్, వారం రోజులు నువ్వు కొట్టు గడప తొక్కొద్దు."

"వారమా! ఎల్లుండి బ్యాండువాళ్ళ కోటు బట్ట వస్తుంది కదే తల్లీ. అదొక్కటీ చూసి..."

"ఒక్క తానూ వద్దు."

"చూడనులే. గుమ్మంలో నిలబడి ఒక్క కేక వేసి పోతాను."

"ఒక్క కేకా వద్దు!"

బాబాయి మాస్టారికేసి చూశాడు. మాస్టారు కత్తెరకేసి చూసుకున్నాడు. బాబాయి భూతద్దం జేబులో వేసుకుని, బెంగగా వీధి దాటి ఎదురుగా ఉన్న టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. వారం పాటు ఆ బెంచీ వదల్లేదు. అక్కణ్ణుంచే భూతద్దం ఎత్తి కొట్టుకేసి చూసేవాడు. భూతద్దంతో దూరపు వస్తువులు కనబడవని టీకొట్టాయన ఎంత చెప్పినా వినలేదు.

కొట్టు ప్రశాంతంగా ఉంది. ఎంత ప్రశాంతంగా అంటే, ఆమె కౌంటర్ వెనక కూర్చుని ఒక నవల పూర్తి చేసి రెండోది మొదలుపెట్టింది. బ్యాండువాళ్ళ పన్నెండు కోట్లకి రెండు తానులు వచ్చాయి. పడుగు ముదురు నీలం, పేక బూడిదరంగు. ముఖం వైపు నీలం తేలుతుంది, వెనకవైపు బూడిద తేలుతుంది. మాస్టారు చడీచప్పుడూ లేకుండా చాక్‌పీసుతో గీసి, కత్తిరించి, లోపలి గదిలో కుట్టేవాళ్ళకి పంపించాడు. చాక్ గీత ఉన్న వైపు లోపలికి, లేనిది బయటికి. ఆ కొట్టులో అదే రాజ్యాంగం. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు.

కోట్లు తీసుకోవడానికి ట్రంపెట్టాయన వచ్చే రోజున, ఆమె పన్నెండింటినీ వీధివైపు కిటికీ దగ్గర వరసగా తగిలించింది. ఎండ పడింది. ఆమె గుండె కూడా ఎక్కడో పడింది.

ఒళ్ళు నీలం. చేతులు బూడిదరంగు. పన్నెండు కోట్లకీ!

లోపలికి పరిగెత్తి కుట్టేవాళ్ళని అడిగింది. "కొత్త మోడలేమో అనుకున్నాం. గీత ప్రకారమే కుట్టాం" అన్నారు వాళ్ళు. సంగతేమిటంటే, ఒక తాను ముఖం లోపలికి చుట్టి ఉంది, రెండోది బయటికి చుట్టి ఉంది. మాస్టారు రెంటినీ ఒకేలా పరిచాడు. ఒక తానులోంచి ఒళ్ళు, ఇంకోదాంట్లోంచి చేతులు.

"మాస్టారూ, ఈ చేతులు చూడండి."

మాస్టారు కోటు చేతిని ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు. వేలితో రుద్దాడు. మళ్ళీ చూశాడు.

"చేతులకేమయిందమ్మాయ్? బాగానే ఉన్నాయిగా?"

ఆయన చూస్తున్నది కోటు లైనింగుని.

ఆమె చెవుల్లో బాబాయి కేకలు మోగాయి. ముఖం పైకి! గీత కుడికి! ఆ కేకలు కస్టమర్ల కోసం కాదు, వీధి కోసం అంతకన్నా కాదు. రెండడుగుల దూరంలో, కళ్ళకి మసక కమ్మిన మనిషి కోసం. రెండేళ్ళుగా పూటకోసారి ఆయనకి చూపు అరువిచ్చి, దాన్ని పిచ్చి కింద చెలామణీ చేస్తున్నాడు బాబాయి. దానికి వారం రోజులు తాళం వేసింది తనే.

ఆమె మొహం కనబడకపోయినా మౌనం వినబడింది మాస్టారికి. మెడలో టేపు తీసి, చుట్ట చుట్టి, కత్తెర పక్కన పెట్టాడు.

"ఇక నా వల్ల కాదమ్మాయ్. వేరే మనిషిని చూసుకో" అని చెప్పులు వెతుక్కోవడం మొదలెట్టాడు. ఒక చెప్పు దొరికింది. రెండోది ఎదురుగానే ఉంది, కనబడలేదు.

ఆ మెతక పిల్ల ఆ రోజు మంచినీళ్ళు తాగలేదు. గుమ్మంలోకి వచ్చి వీధి అదిరేలా కేక పెట్టింది.

"బాబాయ్!"

బాబాయి టీగ్లాసుతో సహా వీధి దాటాడు. సరిగ్గా అప్పుడే అటునుంచి ఊది ఊది ఉబ్బిన బుగ్గలూ ఆయనా కలిసి ట్రంపెట్టాయన కూడా దిగాడు. ఇద్దరూ ఒకేసారి గుమ్మంలో ఇరుక్కున్నారు. ముందు బాబాయి వేళ్ళు లోపలికి వచ్చాయి.

కోటు ఒళ్ళు పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకున్నాడు. టేపులేని మాస్టారి మెడకేసి చూశాడు. జీవితంలో మొదటిసారి, బట్ట పట్టుకుని కూడా నోరు మెదపలేదు.

"ఏంటిది?" అన్నాడు ట్రంపెట్టాయన. "చేతులు వేరే బట్టతో కుట్టారా? ఎల్లుండి కచేరీ పెట్టుకుని!"

"వేరే బట్టా!" బాబాయి గొంతు తిరిగొచ్చింది. "ఒకే బట్టండీ! ఒకే మగ్గం, ఒకే నేత, రెండు ముఖాలు. ఇటు పడుగు పైచెయ్యి, అటు పేక పైచెయ్యి. భూతద్దం ఇమ్మంటారా? మీరు దేంతో వాయిస్తారు?"

"ట్రంపెట్టుతో."

"కాదు, చేతుల్తో! స్టేజీ మీద జనం చూడాల్సింది చేతుల్ని. ఒళ్ళంతా ఒక్కటే నీలమైతే చేతులెక్కడ, పొట్టెక్కడ? మాస్టారు వద్దు వద్దన్నా వినకుండా పట్టుబట్టింది నేను. తిట్టదల్చుకుంటే నన్ను తిట్టండి."

ట్రంపెట్టాయన అనుమానంగా కోటు తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి ట్రంపెట్టు ఎత్తాడు. నీలంలోంచి రెండు బూడిదరంగు చేతులు రెక్కల్లా లేచాయి. దించాడు. ఎత్తాడు. మూడోసారి ఊదాడు కూడా.

"ముందే చెప్పొద్దూ? డప్పాయనకి ఇంకా బాగుంటుంది, ఆయన చేతులు అసలు ఆగవు!"

పన్నెండు కోట్లూ బండెక్కాయి. కొట్టులో ముగ్గురే మిగిలారు.

"ఎన్నాళ్ళనుంచి బాబాయ్?"

"ఏంటి ఎన్నాళ్ళనుంచి?"

"ఆ కేకలు."

"పుట్టిన దగ్గర్నుంచీ. మీ నాయనమ్మ చెబుతుండేది, ఉయ్యాల గుడ్డ పట్టుకుని..."

"రెండేళ్ళు" అన్నాడు మాస్టారు. "రెండేళ్ళనుంచీ ఈయన నోటితోనే నా కత్తెర నడుస్తోంది. నాకు తెలుసని ఈయనకి తెలుసు. ఒక్కనాడు బయటపడలేదు."

అది ఆయన నాలుగు రోజుల కోటా. ఆమె టేపు తీసుకెళ్ళి ఆయన మెడలో వేసి, "వేరే మనిషి అక్కర్లేదు. కళ్ళాసుపత్రికి వెళదాం పదండి" అంది.

"నా కంటి దగ్గర ఇంకొకడు కత్తి పట్టుకుంటే నేను ఊరుకుంటానా?"

"వాళ్ళు మీకన్నా సన్నగా కత్తిరిస్తార్ట."

"ఎవడు వాడు?" అన్నాడు మాస్టారు. రోషం పొడుచుకొచ్చింది. చూసి తీరాలని బయల్దేరాడు.

శుక్లాలు తీసే డాక్టరుగారి ఆకుపచ్చ గౌను పట్టుకుని, "సాదా నేత! ఉతికి ఉతికి పలచబడింది. బాగున్నారా?" అన్నాడు బాబాయి. "పేషెంటు ఎవరు?" అని అడిగి, జవాబు వినకముందే బాబాయిని బయట కూర్చోబెట్టారు.

నెల తిరిగేసరికి మాస్టారు నల్లకళ్ళద్దాలతో కొట్టుకి వచ్చాడు. అద్దాలు తీశాడు. తానులు చూశాడు. కత్తెర చూశాడు. గోడ మీద బూజు చూసి మొహం చిట్లించాడు. చివరికి స్టూలు మీదున్న బాబాయి దగ్గర ఆయన చూపు ఆగిపోయింది. మెల్లగా వెళ్ళి రెండు వేళ్ళతో బాబాయి చొక్కా అంచు పట్టుకున్నాడు.

"ఇదేంటయ్యా? ట్విల్లు. గీత లోపలుంది! వెనకవైపు బయటికి పెట్టి కుట్టినవాడెవడు?"

బాబాయి నీళ్ళు నమిలాడు. "పాతదిలే."

"ఎప్పటిది?"

"రెండేళ్ళ కిందటిది."

"నేను కత్తిరించిందా?"

బాబాయి చొక్కా అంచు విడిపించుకోబోయాడు. కౌంటర్ వెనకనుంచి ఆమె తొంగి చూసింది. ఆ చొక్కా ఆమెకి బాగా తెలుసు. రెండు రోజులకోసారి అదే వేసుకుని వస్తాడు. ఊరందరి బట్టలూ పట్టి చూసిన మనిషి చొక్కాని ఇన్నాళ్ళూ ఒక్కరూ పట్టి చూడలేదు.

"తిరగేసి కుట్టిన చొక్కా రెండేళ్ళు తొడుక్కు తిరిగావుటయ్యా, నువ్వూ!" మాస్టారు గొంతు మొట్టమొదటిసారి వీధిలోకి వినబడింది. "ట్విల్లూ! ముఖం లోపలికీ!"

"ష్..." బాబాయి చొక్కా అంచు గబగబా ప్యాంటులోకి దోపుకున్నాడు. "ఎందుకయ్యా ఆ కేకలు? కొట్టులో కస్టమర్లున్నారు!"